తల ఊపాడంటే అర్థమైనట్టేనా? పిల్లలకు మాట అర్థం నేర్పడం, అర్థమైందో లేదో చూసుకోవడం ఎలా

"మావాడికి అన్నీ అర్థమవుతాయండీ, మాట్లాడడమే రావట్లేదు." నన్ను అడిగేవాళ్లలో సగం మంది ఇలా మొదలుపెడతారు. మిగతా సగం మందిది దీనికి తలకిందులు: "గలగలా మాట్లాడుతుంది, మనం చెప్పింది మాత్రం ఎక్కితే ఒట్టు." ఇద్దరికీ విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ, చివరికి ఇంట్లోనే చేసుకోగలిగిన పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను. ఏడాది నుంచి అయిదారేళ్ల దాకా పిల్లలకు పనికొస్తుంది.

ముందు ఒక సంగతి. మా బంధువుల పాప, అప్పటికి ఏడాదిన్నర ఉంటుంది, వాళ్ల నాన్న "చెప్పులు తేమ్మా" అనగానే పరుగెత్తుకెళ్లి తెచ్చేది. ఇంట్లో అందరికీ మురిపెం. ఒకరోజు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పాప మొహం వైపే చూస్తూ అదే మాట అనమన్నాను. పాప ఆయన కళ్లలోకి చూసింది. గది అంతా చూసింది. పక్కనున్న బంతి తెచ్చి ఒళ్లో పెట్టింది. రోజూ ఆయన సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి, చెప్పుల వైపు చూస్తూ అడిగేవాడు. పాపకు అర్థమైంది ఆ నిలబడ్డ తీరు. "చెప్పులు" అన్న మాట ఇంకా కాలేదు.

ఇందులో పాపను తక్కువ చేయాల్సిందేమీ లేదు. చూపునీ చేతినీ సందర్భాన్నీ పట్టుకునే పిల్లలు మాటల్లోకి దిగుతారు. కాబట్టి మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: నేర్పేటప్పుడు మాట, చూపు ఒకే వస్తువు మీద ఉండాలి. సరిచూసేటప్పుడు చూపు తీసేయాలి. కింద ఉన్నదంతా ఈ రెంటి వివరమే.

ఏమేం కావాలి

- రోజుకు పది పదిహేను నిమిషాలు, టీవీ ఆపేసిన గది. వెనకాల టీవీ మోగుతుంటే పిల్లలకు మన మాట విడిగా వినబడడం కష్టం, పైగా మనమే తక్కువ మాట్లాడతాం.
- ఇంట్లో వాడే వస్తువులు ఏడెనిమిది: బంతి, చెంచా, గిన్నె, దువ్వెన, టోపీ, గొడుగు, చెప్పు, తువ్వాలు.
- పిల్లలకు పేరు తెలియని వస్తువు ఒకటి. నేను గరాటు వాడతాను. దాని పేరు తెలిసిన రెండేళ్లవాడు నాకింతవరకు తగల్లేదు.
- రెండు మూడు బొమ్మ జంతువులు.
- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ పిల్లల ముందు ఫోన్ తీస్తే ఆ పూట పాఠం అయిపోయినట్టే.

ఫ్లాష్ కార్డులు అక్కర్లేదు. ఖరీదైన ఆటవస్తువులు అసలే అక్కర్లేదు.

జాగ్రత్త: మూడేళ్ల లోపు పిల్లల దగ్గర నోట్లో పట్టేంత చిన్న వస్తువులు పెట్టకండి. బటన్లు, గోళీలు, చిన్న బ్యాటరీలు ఈ ఆటలోకి రాకూడదు.

1. ముందు వినికిడి సంగతి తేల్చుకోండి

మాట అర్థం కాకపోవడానికీ మాట సరిగా వినబడకపోవడానికీ పైకి తేడా తెలియదు. పిల్లాడు ఆటలో ఉన్నప్పుడు వెనకనుంచి, నాలుగైదు అడుగుల దూరంలో, మామూలు గొంతుతో పేరు పిలవండి. తర్వాత ఇంకా తగ్గించి పిలవండి. వేర్వేరు రోజుల్లో, రెండు పక్కలనుంచీ చేయండి.

చాలామంది ఇక్కడ వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొడతారు. అది పరీక్ష కాదు. మీ నీడ కదలొచ్చు, నేల అదరొచ్చు, గాలి తగలొచ్చు. పైగా గట్టి శబ్దానికి తిరిగిన పిల్లలకు మెల్లని హల్లులు వినబడుతున్నాయని నమ్మకం ఏమీ లేదు. పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్ష పాసైందని కూడా ధీమా పడకండి. జలుబు పట్టి చెవిలో నీరు చేరితే కొన్ని వారాలపాటు వినికిడి తగ్గవచ్చు. ఏ కాస్త అనుమానం ఉన్నా ఆడియాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయించి, తర్వాత మిగతా అడుగులకు రండి. ఇంట్లో పరీక్ష అనుమానం రేపగలదు గానీ తీర్చలేదు.

2. ముందు చూడండి, తర్వాత మాట్లాడండి

మనం వేలు పెట్టి చూపించి "కుక్క" అంటాం. పిల్లాడి వైపునుంచి ఆలోచించండి. ఆ మాట ఆ జంతువుదా, దాని తోకదా, నల్ల రంగుదా, పరుగుదా? అసలు పిల్లాడు ఆ సమయంలో మీ వేలినే చూస్తుండొచ్చు. ఈ చిక్కుని తగ్గించే సులువైన దారి, పిల్లల చూపు ఇప్పటికే ఎక్కడుందో అక్కడికి మాట తీసుకెళ్లడం. టొమసెల్లో, ఫరార్ అనే పరిశోధకులు 1986లో ఏడాదిన్నర వయసు పిల్లలతో చూసింది ఇదే: పిల్లలు అప్పటికే చూస్తున్న వస్తువు పేరు చెబితే బాగా పట్టుకున్నారు, చూపు మళ్లించి చెబితే అంతగా పట్టుకోలేదు.

మీ పాప బకెట్ ముందు కూర్చుని దాని పిడిని ఇటు వేస్తోంది, అటు వేస్తోంది. టక్కు, టక్కు. మీకేమో కిటికీలో కాకి కనబడింది. "అదిగో, కాకి! చూడు చూడు, కాకి!" అంటారు. పాప తల ఎత్తదు, లేదా ఎత్తేసరికి కాకి ఎగిరిపోతుంది. మాట గాలికి పోయింది. దాని బదులు పాప పక్కన, కళ్లు అదే ఎత్తులో ఉండేలా కూర్చుని, "పిడి. బకెట్ పిడి. పిడి తిప్పుతున్నావా? పిడి కింద పడింది!" అనండి. పాప చెయ్యి పిడి మీదే ఉంది, చూపూ అక్కడే ఉంది, చెవిలో పడ్డ మాటా అదే. ఆ పదిహేను సెకన్లలో జరిగిన పని కార్డులతో పావుగంటలో జరగదు.

కాకిని వదిలేయమని కాదు. పాప తల ఎత్తి తనే చూసినప్పుడు చెప్పండి.

3. "అది", "ఇది", "దాన్ని" తగ్గించండి

తెలుగిళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇది. మన భాషలో పేరు ఎత్తకుండానే రోజంతా గడిపేయొచ్చు. "అదిటివ్వు." "దాన్ని అక్కడ పెట్టు." "ఇదేంటిలా పడేశావు, తియ్." వాక్యాలన్నీ సరైనవే. కానీ వీటిలో పిల్లాడు నేర్చుకోగలిగిన వస్తువు పేరు ఒక్కటి కూడా లేదు. అర్థమంతా మన వేలిలో ఉంది. ఈ ఇళ్లలో పిల్లలు చెప్పిన పనులన్నీ చేస్తారు, అమ్మానాన్నలు "అన్నీ అర్థమవుతాయి" అంటారు, తీరా అడిగితే పది మాటలు తెలిసి ఉండవు.

ఒక పూట మీ మాటల్ని మీరే రికార్డు చేసుకుని వినండి. వినడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. తర్వాత మార్చుకోండి: "గిన్నె ఇటివ్వు." "గిన్నెని బల్ల మీద పెట్టు." "దువ్వెన కింద పడేశావా? దువ్వెన తియ్."

అన్నట్టు, పేరుని ఒంటరిగా పదిసార్లు జపించకండి. "బంతి పట్టుకో", "బంతిని తన్ను", "బంతితో ఆడదామా" అని చిన్న వాక్యాల్లో పెట్టండి. చివర వచ్చే ని, తో, లో లాంటివి కూడా పిల్లలు నేర్చుకోవాల్సినవే. ఒంటి మాటల్లో అవి దొరకవు.

4. ఒకే మాటని వేర్వేరు చోట్ల వినిపించండి

కొందరు పిల్లలకు "చెప్పు" అంటే నాన్న చెప్పు మాత్రమే. కొందరికి "కుక్క" అంటే నాలుగు కాళ్లున్న ప్రతిదీ. రెండూ మామూలే. మొదటి రకానికి మందు, ఆ మాటని వేరే వస్తువుల దగ్గర అనడం: అమ్మ చెప్పు, పాప చెప్పు, బొమ్మలో చెప్పు.

రెండో రకం దగ్గర పెద్దలు తడబడతారు. మేకను చూసి "కుక్క" అంటే "కాదు, తప్పు" అంటారు. పిల్లాడికి ఏది తప్పో తెలియదు. ఇలా అనండి: "అవును, దానికీ నాలుగు కాళ్లున్నాయి. అది మేక. చూడు, గడ్డం ఉంది. మేక మే మే అంటుంది." పోలిక ఒప్పుకుని, పేరు ఇచ్చి, తేడా చూపించారు. అంతకంటే అక్కర్లేదు.

ఒక చిన్న పరీక్ష: మేకని కుక్క అనే పిల్లల ముందు కుక్క, మేక, ఆవు బొమ్మలు పెట్టి "కుక్క ఏది?" అని అడగండి. చాలాసార్లు సరిగ్గానే చూపిస్తారు. అంటే తేడా తెలుసు, మేక అన్న మాట నోటికి అందలేదు కాబట్టి దగ్గర్లో ఉన్న మాటతో నెట్టుకొస్తున్నారు. తెలియనిది అర్థమా, మాటా అన్నది ఈ పరీక్షలో బయటపడుతుంది.

5. అడిగాక ఆగండి

మనసులో పది లెక్కపెట్టండి. మామూలుగా మనం రెండు దాటకముందే అదే ప్రశ్న మళ్లీ వేస్తాం, మూడోసారి జవాబు మనమే చెప్పేస్తాం. పిల్లలకు మాట విని, అర్థం వెతికి, నోరు కదపడానికి టైం కావాలి. ఆ పది సెకన్లు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, ఓపిక పట్టండి. అమ్మమ్మలకు, తాతయ్యలకు ఈ ఒక్క అడుగు నేర్పడం పిల్లలకు నేర్పడం కంటే కష్టం.

6. పిల్లలన్న మాటకి ఒక మెట్టు కలిపి తిరిగి ఇవ్వండి

"అమ్మ నీళ్లు" అన్నాడనుకోండి. "అమ్మ నీళ్లు తాగుతోందా? అవును, అమ్మ నీళ్లు తాగుతోంది" అనండి. ఒకటి రెండు మాటలు చేర్చండి చాలు, పేరా వద్దు. ఒకవేళ వాడు అడిగింది "అమ్మా, నాకు నీళ్లు కావాలి" అయితే? చూపుని బట్టి, సందర్భాన్ని బట్టి ఊహించండి. తప్పుగా ఊహిస్తే వాడే అరిచి చెబుతాడు. ఆ అరుపు కూడా సంభాషణే.

"ఏదీ, సరిగ్గా అను" అని బలవంతపెట్టకండి. "ఇళ్లు" బదులు "ఇల్లులు" అనో, "పడ్డాను" బదులు "పడాను" అనో అంటే అది మతిమరుపు కాదు, ఒక సూత్రం పట్టుబడిందనడానికి గుర్తు. ఆ రూపం వాళ్లు ఎవరి నోటా విని ఉండరు, తామే కట్టుకున్నారు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు ఇంగ్లిష్ పిల్లలకు లేనిపోని పేరున్న బొమ్మ ఒకటి చూపించి, అలాంటివే రెండు పెడితే ఏమంటారని అడిగింది. ఎన్నడూ వినని మాటకి కూడా పిల్లలు బహువచనం చేర్చారు. మీరూ ఆడి చూడండి. ఒక పిచ్చి బొమ్మ గీసి "ఇది డూకా" అనండి. పక్కన ఇంకోటి గీసి "ఇప్పుడు రెండున్నాయి. రెండు..." అని ఆగండి. మూడు నాలుగేళ్ల పిల్లలు "డూకాలు" అంటే మీ ఇంట్లో వ్యాకరణం నడుస్తున్నట్టే. అనకపోయినా కంగారు పడకండి, బొమ్మ నచ్చి ఉండకపోవచ్చు.

7. వేలు పెట్టి చూపించలేని మాటలు

బంతిని చూపించగలం. "నువ్వు"ని ఎలా చూపిస్తాం? అసలు కష్టమంతా ఇక్కడుంది, ఇక్కడే పెద్దలు "ఇంత చిన్న విషయం కూడా తెలియదా" అని విసుక్కుంటారు.

నేను, నువ్వు: అమ్మ పాపను "నువ్వు" అంటుంది కాబట్టి తన పేరు "నువ్వు" అని పాప అనుకోవచ్చు. "నువ్వు ఎత్తుకో" అంటే "నన్ను ఎత్తుకో" అని. ఎదురుగా కూర్చుని సరిచేస్తే గందరగోళం పెరుగుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు పాప ముందు మాట్లాడుకోవాలి: "నేను టోపీ పెట్టుకున్నా. నువ్వు పెట్టుకో." ఇప్పుడు రెండోవాళ్లు: "నేను పెట్టుకున్నా. నువ్వు తియ్." మాట చేతులు మారడం పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది.

మనం, మేము: ఇది మన భాషలో ఉన్న అందమైన తేడా, పిల్లల ఏడుపులకు ఒక కారణం కూడా. "మనం బయటికి వెళ్తున్నాం" అని మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటారు. మూడేళ్లవాడు విని ఒక కాలికి చెప్పు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. "నువ్వు కాదు కన్నా, నువ్వు తాతయ్య దగ్గర ఉండు." వాడికి "మనం" సరిగ్గానే అర్థమైంది. చెవిన పడ్డ మాటలో తాను లేడని వాడికెలా తెలుస్తుంది? తీసుకెళ్లనప్పుడు పిల్లల వైపు తిరిగి "మేము" అని చెప్పండి.

నిన్న, రేపు: నాలుగేళ్లు దాటినా కలగాపులగం కావచ్చు. ఒక గుర్తు కట్టి చెప్పండి: "రేపు, అంటే ఇవాళ పడుకుని లేచాక."

పెద్ద, చిన్న: ఒక్క వస్తువుని పట్టుకుని "ఇది పెద్దది" అనకండి, దేనికంటేనో తెలియదు. మూడు గిన్నెలు తీసుకోండి. మధ్యది ఒకసారి పెద్దది, ఒకసారి చిన్నది అవుతుంది. ఆ తమాషా పిల్లలకు నచ్చుతుంది.

రంగులు: వస్తువు పేరు ముందు, రంగు తర్వాత. "ఈ బంతి ఎర్రగా ఉంది. ఈ బంతి పచ్చగా ఉంది." వస్తువు మారకుండా రంగే మారితే ఆ మాట దేని గురించో తేలుతుంది.

అంకెలు: ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్పడం పాట. "మూడు చెంచాలు ఇవ్వు" అంటే సరిగ్గా మూడే ఇవ్వడం అర్థం. ఈ రెంటి మధ్య నెలల తరబడి దూరం ఉంటుంది. పది దాకా చెప్పే పిల్లాడు గుప్పెడు చెంచాలు తెచ్చిస్తే ఆశ్చర్యపోకండి. మొదట "ఒకటి", తర్వాత "రెండు", తర్వాత "మూడు", ఈ వరసలో ఒక్కోటి పట్టుబడతాయి.

8. మాట వెనకున్న మాట

"అబ్బా, నా తల తినకురా" అన్నాను మా అబ్బాయితో ఒకసారి. నాలుగేళ్లు అప్పుడు. బిక్కమొహం వేసి "నేను తినలేదు" అన్నాడు. నోరు తెరిచి చూపించాడు కూడా.

ఈ వయసులో జాతీయాలు వాడొద్దని నేను అనను. వాడండి, వెంటనే పక్కన మామూలు మాటలో చెప్పండి: "తల తినకు, అంటే ఊరికే అడిగిందే అడగకు." అలా చెబుతూ పోతే ఒకరోజు వాళ్లే వాడతారు, సందర్భం కాస్త అటూఇటూగా.

చుట్టుతిప్పి చెప్పే మాటలు వేరు. "తలుపు తీసే ఉందే" అంటే వెయ్యమని. పెద్దవాళ్లకు ఇది రోజువారీ. చిన్నవాళ్లు "అవును, తీసే ఉంది" అని ఊరుకుంటే ఎదురుచెప్పినట్టు కాదు, మీరన్న మాటకి జవాబు చెప్పినట్టు. చెయ్యాల్సిన పని ఉంటే పనిగానే చెప్పండి: "తలుపు వెయ్యి నాన్నా."

వెటకారం అయితే ఇంకా ఆలస్యం. గోడంతా గీతలు గీసినవాడితో "ఆహా, ఎంత బాగా చేశావో!" అంటే నాలుగేళ్లవాడు దాన్ని మెప్పుగానే తీసుకుంటాడు, రేపు రెండో గోడ పని పడతాడు. వెటకారం ఆరేళ్లు దాటాక మెల్లమెల్లగా తెలుస్తుంది. అందాకా "గోడ మీద గీయకూడదు, కాగితం మీద గియ్యి" అన్నదే పనిచేస్తుంది.

ఇంకోటి. ఎదుటివాళ్లకు ఏం తెలుసో, ఏం తెలియదో ఊహించడం సుమారు నాలుగేళ్లకు గానీ గట్టిపడదు. ఫోన్‌లో అమ్మమ్మ "బువ్వ తిన్నావా?" అంటే తల ఊపి ఊరుకోవడం అందుకే. దీనికి ఫోనే మంచి సాధనం. అమ్మమ్మతో "నువ్వు తల ఊపితే నాకు కనబడదు కదా, నోటితో చెప్పు. నీ చేతిలో ఏముంది? ఎలా ఉంది?" అని అడిగించండి.

సరిచూసుకోవడం

ఇప్పుడు చూపు తీసేసే పని.

మూడు నాలుగు వస్తువులు ఒకదానికొకటి దూరంగా పెట్టండి. చేతులు వెనక్కి. వస్తువు వైపు కాదు, పిల్లల మొహం వైపు చూస్తూ "దువ్వెన ఇవ్వు" అనండి. ఒక్కసారే అనండి, పది లెక్కపెట్టండి. తెచ్చాక ముఖంలో ఏమీ చూపించకండి, "థాంక్యూ" చాలు. తప్పు వస్తువు మీద చెయ్యి పడగానే మనకు తెలియకుండానే కనుబొమ్మలు లేస్తాయి, పిల్లలు దాన్ని చదివి చెయ్యి మార్చేస్తారు. అనుమానం ఉంటే నల్లకళ్లద్దాలు పెట్టుకోండి. నవ్వకండి, నేను పెట్టుకున్నాను.

ఒకసారి సరిగ్గా ఇస్తే లెక్క కాదు. నాలుగు వస్తువుల్లో కళ్లు మూసుకుని తీసినా నాలుగింట ఒకసారి సరైనదే వస్తుంది. వస్తువుల చోట్లు మారుస్తూ వేర్వేరు రోజుల్లో మూడుసార్లు అడగండి. మూడుసార్లూ గుడ్డిగా కుదరడమంటే 64లో ఒక వంతు. అప్పుడు నోటుబుక్కులో టిక్కు పెట్టండి.

తర్వాత అలవాటు లేని పనులు చెప్పండి. "చెంచాని గిన్నెలో పెట్టు" అంటే మాట అర్థం కాకపోయినా చేయగలరు, ఎందుకంటే చెంచాతో చేసేది అదే. "చెంచాని చెప్పులో పెట్టు" అనండి. "బంతి మీద టోపీ పెట్టు" అనండి. పగలబడి నవ్వుతూ చేస్తే అర్థమైనట్టే. టోపీ తలకు పెట్టుకుంటే సందర్భాన్ని చదివారన్నమాట.

మూడేళ్లు దాటినవాళ్లకు బొమ్మ ఏనుగు, బొమ్మ కుక్క ఇచ్చి "ఏనుగు కుక్కని తోసింది, చేసి చూపించు" అనండి. కాసేపాగి "ఏనుగుని కుక్క తోసింది" అనండి. మాటల వరస అదే, మారింది "ని" ఒక్కటే. రెండోసారీ ఏనుగే తోస్తే ఆ "ని" ఇంకా చెవికి ఆనలేదు. మూడేళ్లకు ఇలా జరిగితే బెంగపడాల్సింది లేదు, రెండు నెలలాగి మళ్లీ చూడండి.

గరాటు పరీక్ష చివరిది. చెంచా, గిన్నె, గరాటు పెట్టి "గరాటు ఇవ్వు" అనండి. రెండేళ్లు దాటిన పిల్లలు చాలామంది గరాటే ఇస్తారు. మిగతా రెంటి పేర్లు తెలుసు, కాబట్టి కొత్త మాట కొత్త వస్తువుదే అయ్యుండాలని లెక్క. ముచ్చటేస్తుంది. కానీ దాన్ని "నేర్చుకున్నాడు" అని రాసుకోకండి. నాలుగు రోజులాగి, గరాటుతో పాటు పేరు తెలియని ఇంకో వస్తువుని కూడా పెట్టి అడగండి. అప్పుడూ గరాటే ఇస్తే మాట నిలిచింది. ఇవ్వకపోతే మొదటిరోజు చేసింది ఊహ, అంతే. కొత్త మాట ఒక్కసారి వినగానే కొంత అంటుకుంటుంది, నిలబడాలంటే మళ్లీ మళ్లీ తగలాలి.

తరచుగా జరిగే తప్పులు

"అర్థమైందా?" అని అడగడం. పిల్లలందరి జవాబూ "ఊ" అనే. దాని బదులు "ఇప్పుడు ముందు ఏం చేస్తావు?" అని అడగండి.

రోజంతా పరీక్షలు పెట్టడం. "ఇదేంటి? అదేంటి? దీన్నేమంటారు?" సరిచూసే ఆట వారానికి రెండుసార్లు చాలు. మిగతా టైంలో మీరు చెప్పండి, వాళ్లు అడగనివ్వండి.

స్క్రీన్ మీద వదిలేయడం. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఇంగ్లిష్ ఇళ్లలో పెరిగే 9 నెలల పిల్లలతో మాండరిన్ మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని 12 విడతలు ఆడితే, ఆ భాష శబ్దాల తేడా పిల్లలు పట్టుకున్నారు. అదే మాటలు వీడియోలో చూపించినా, ఆడియోలో వినిపించినా అంటలేదు. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వీడియో కాల్ సంగతి వేరు, అక్కడ మనిషి జవాబిస్తాడు. తప్పనిసరై వీడియో పెట్టాల్సి వస్తే పక్కన కూర్చుని, మధ్యలో ఆపి మాట్లాడండి.

రెండు భాషల భయం. ఇంట్లో రెండు భాషలుంటే రెండింట్లో తెలిసిన మాటలన్నీ కలిపి లెక్కపెట్టండి, ఒకదాన్నే లెక్కేసి బెంగపడకండి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం గందరగోళం కాదు, పెద్దవాళ్లం మనం చేసేదీ అదే. మాటలు ఆలస్యమని ఇంటి భాష మానేయకండి. మీకు బాగా వచ్చిన భాషలోనే మీరు ఎక్కువ మాట్లాడగలరు.

నత్తి కొట్టినప్పుడు "మెల్లగా, మెల్లగా" అని ఆపడం. రెండు నుంచి అయిదేళ్ల మధ్య చాలామంది పిల్లలకు మాట తట్టుకుంటుంది. మాట పూర్తయ్యేదాకా వినండి, మీరు పూర్తి చేయకండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

ఇవి ఆగి చూడాల్సినవి కావు:

- 12 నెలలకు పేరు పిలిస్తే తిరగకపోవడం, వేలు చూపడం, టాటా చెప్పడం లాంటి సైగలు లేకపోవడం
- 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం
- రెండేళ్లకు తనంతట తాను రెండు మాటలు కలపలేకపోవడం. మనమన్నది తిరిగి అప్పజెప్పడం లెక్కలోకి రాదు.
- చూపూ సైగా లేకుండా చెబితే రెండేళ్లకు కూడా చిన్న పని ఒక్కటీ అర్థం కాకపోవడం
- మాట తట్టుకోవడం (నత్తి) ఆరు నెలలు దాటినా తగ్గకపోవడం
- ఏ వయసులోనైనా, వచ్చిన మాటలు పోవడం. దీనికి ఒక్క వారం కూడా ఆగకండి.

"వాళ్ల నాన్న కూడా మూడేళ్లకు గానీ మాట్లాడలేదు" అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే కావచ్చు. అయినా చూపించుకుని రావడంలో పోయేదేమీ లేదు. ముందు పిల్లల డాక్టర్, తర్వాత వాళ్లు పంపితే ఆడియాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్.

వెళ్లేటప్పుడు నోటుబుక్కు పట్టుకెళ్లండి. "బాగానే అర్థమవుతుందండీ" అన్న మాట వాళ్లకు ఎందుకూ పనికిరాదు. ఒక పేజీ ఇలా ఉంటే చాలు: తేదీ, పిల్లల వయసు నెలల్లో, చూపు లేకుండా అడిగితే మూడుసార్లూ సరిగ్గా ఇచ్చిన వస్తువుల పేర్లు, తప్పిన వాటి పేర్లు, తనంతట తాను అన్న మాటలు యథాతథంగా, ఈమధ్య వచ్చిన జలుబులు, చెవినొప్పులు. "బంతి"ని "బత్తి" అంటే "బత్తి" అనే రాయండి, మీరు దిద్దకండి.